మణుగూరు బొంతల స్టూడియో: ఒక అభిమాని పరిశీలన

మా ఇంట్లో కొన్ని నెలలుగా ఒకే ఆల్బమ్ మోగుతోంది. మణుగూరు బొగ్గుగని కాలనీకి చెందిన ‘రెండో షిఫ్టు’ అనే రాక్ బృందం వెలువరించిన ‘పైమట్టి’ అది. దక్షిణాది నగరాల్లో వాళ్ల కచేరీలకు టిక్కెట్లు దొరకడం లేదు. అంత నిండైన గిటారు ధ్వని ఏ విదేశీ యంత్రం వల్ల సిద్ధించిందో స్వయంగా వెళ్లి నిర్ధారించవలసిన బాధ్యత, యాభై దాటిన అభిమానిగా నాపై ఉందని భావించాను. ఆ బాధ్యతను నాకెవరూ అప్పగించలేదు. మా ఆవిడ మాత్రం నా గైర్హాజరీని తక్షణమే ఆమోదించింది.

డిసెంబరు ఉదయం ఖమ్మంలో బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, పాల్వంచ, అశ్వాపురం మీదుగా మణుగూరు చేరేసరికి పదకొండు దాటింది. కిరాయి మొత్తం మూడు వందల లోపే. అశ్వాపురం తర్వాత అడవి రోడ్డుకు బాగా దగ్గరగా వస్తుంది. చలి ఇంకా దగ్గరగా వస్తుంది, ఎందుకంటే కిటికీ అద్దం మూతపడదు. బస్టాండు ముందు ఆటోడ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు.

“పాటల పోరగాళ్ల స్టూడియోకా సారూ? జల్దీ ఎక్కుండ్రి. ఇయ్యాల బొంతలు తీస్కపోతుండ్రు.”

ఈ సమాచారం నాకు అర్థం కాలేదు. అయినా గంభీరంగా తలూపాను.

స్టూడియో అంటే చర్చి వెనకనున్న రేకుల గది. గోడల నిండా మేకులున్నాయి, మరేమీ లేదు. గాయకుడు సామ్యూల్ గనిలో డంపర్ నడుపుతాడు. గుమ్మంలో నిలబడి, బొంత భుజాన వేసుకున్న తల్లి రత్నమ్మగారిని బతిమాలుతున్నాడు.

“అమ్మా, ఒక్క పాటనే. సాయంత్రం లోపల పంపకుంటే ఆల్బమ్ కొత్త ముద్రణల దానికి జాగ ఉండదు.”

“ఎండకాలం అడిగినవ్, ఇచ్చినం. ఇప్పుడు చలికి మేం ఏం కప్పుకోవాల్రా, నీ గిటారా?”

విదేశీ యంత్రం సంగతి అక్కడే తేలింది. గది ప్రతిధ్వనించకుండా, కాలనీ ఆడవాళ్లు పాత చీరలతో కుట్టిన బొంతలను గోడలకు కట్టి ఆ ఆల్బమ్ రికార్డు చేశారు. చలి ముదిరేసరికి యజమానులు తమ ఆస్తిని స్వాధీనం చేసుకుంటున్నారు. హైదరాబాదులో రికార్డు చేయకూడదా అని అడిగాను.

“చేసినం సార్. మస్తు శుభ్రంగా వచ్చింది. అందుకే పడేసినం,” అన్నాడు డ్రమ్మరు.

పరిష్కారం రత్నమ్మగారే ప్రకటించారు. “బొంతలు ఇయ్యం. కప్పుకోని మేమే గోడలకు కూసుంటం. కానియ్.”

ఆడవాళ్లంతా బొంతలు కప్పుకుని గోడల వెంట కూర్చున్నారు. ఒక మూల ఖాళీ మిగలడంతో, నాకొక బొంత కప్పి తాత్కాలిక గోడగా నియమించారు. పాట మొదలైంది. షిఫ్టుకు అమ్మ కట్టిచ్చే టిఫిను గురించి ఆ పాట. చారులో ఉప్పెక్కువైనా, ఆ ఉప్పు లేని రోజు లోకమంతా చప్పన అని దాని సారాంశం. తన మీద రాశాడని రత్నమ్మగారికి అప్పటిదాకా తెలియదు. చివరి తీగ చప్పుడు పూర్తిగా ఆగేవరకు ఎవరూ కదలకూడదు. తీగ ఇంకా మోగుతుండగానే, గోడలన్నీ అలవాటు కొద్దీ ఏకకంఠంతో “ఆమెన్” అన్నాయి.

“అమ్మా!” అని సామ్యూల్ తల పట్టుకున్నాడు.

“ప్రార్థన లెక్కనే ఉండెగద బిడ్డా,” అంది ఒక గోడ.

రెండోసారి అందరూ నోళ్లు కట్టేసుకున్నారు. పాట మొదటిదానికన్నా బాగా వచ్చింది. తీగ సన్నగిల్లుతోంది. నేను ఊపిరి బిగబట్టాను. అంతలో రత్నమ్మగారు కళ్లు తుడుచుకుంటూ అడిగేశారు.

“ఏ దినం ఉప్పెక్కువైందిరా నా చారుల?”

సామ్యూల్ ఆ ముక్కను మళ్లీ వేసి విన్నాడు. మళ్లీ విన్నాడు. “ఇదే పంపుడు,” అన్నాడు.

పాట సాయంత్రానికి ముందే వెళ్లింది. మాకందరికీ రత్నమ్మగారింట్లో భోజనం. సామ్యూల్ నిజమే రాశాడు. అయితే ఈ సంగతిని మణుగూరు పొలిమేర దాటాకే వెల్లడిస్తున్నాను. కొత్త ముద్రణ వచ్చాక ఆ పాటను చాలాసార్లు విన్నాను. గొప్ప ధ్వని యంత్రాల వల్ల వస్తుందన్న నా అభిప్రాయాన్ని ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. అది తిట్టుకుంటూనైనా వచ్చి కూర్చునే మనుషుల వల్ల వస్తుంది. తల్లి ప్రశ్నకు ముందున్న ఆ కాసేపట్లో నా మౌనం కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

ఒక సూచన: చలికాలం వెళ్లేవారు సొంత బొంత తీసుకెళ్లండి. గోడలు తక్కువగా ఉన్నాయి.