తెంపి చూసిన కంప్యూటరు

మా సంఘానికి కంప్యూటరు ఎంపిక చేసే పని నా నెత్తిన పడటానికి కారణం నా తెలివి కాదు. హైదరాబాదులో మూడు నెలల కోర్సు చేసి వచ్చాను. ఆ మూడు నెలల్లో కంప్యూటరును ముట్టుకోనిచ్చింది మొత్తం కలిపి ఓ గంట. మిగతా కాలమంతా దాని గదిలోకి వెళ్లేముందు చెప్పులు ఎక్కడ విడవాలో నేర్పారు. ఎనభైల చివరి ఏళ్లు అవి. వరంగల్ కాశిబుగ్గలో ఉన్న మా చేనేత సంఘంలో ఆ మాత్రం చదువుకే నన్ను శాస్త్రవేత్తను చూసినట్టు చూసేవారు. ఎవరింట్లో రేడియో మూగబోయినా నాకే కబురొచ్చేది.

సంఘం పని నాలుగు గదుల్లో నడిచేది. మొదటిది నూలు గోదాము, రెండోది రంగులద్దే విభాగం, మూడోది ఏ మగ్గానికి ఎన్ని చిలపల, అంటే ఎన్ని చుట్టల, నూలు ఇవ్వాలో తేల్చే విభాగం, నాలుగోది తయారైన జంపఖానాలు అమ్మే దుకాణం. నాలుగు గదుల పెద్దలకూ ఒకరంటే ఒకరికి పడదు. పక్క గదికి నిప్పంటుకుందని అరిచినా, కాగితం మీద రాసి పంపితే తప్ప బకెట్ ఎత్తేవారు కాదు. కంప్యూటరు వస్తుందని తెలియగానే నలుగురూ తలా ఒకటి కావాలని పట్టుబట్టారు. ఇవ్వకపోతే పక్కవాడికీ ఇవ్వొద్దన్నారు.

మా మేనేజరు గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. గొంతు పెంచకుండా ప్రాణం తీయగల నేర్పు ఆయనది. ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారంటేనే ఏదో మూడిందని అర్థం.

"చూడండి, మనం కొనేది ఒక్క మిషనే. కానీ నలుగురికీ ఎవరిది వారికే ఉన్నట్టు ఉండాలి. అలా చేసే సాఫ్టువేరు వచ్చిందటగా. రెండు కంపెనీల వాళ్లు వచ్చి చూపిస్తారు. ఏది మంచిదో మీరు తేల్చి రిపోర్టు రాయండి."

"అట్లనే సార్."

"జాగ్రత్తగా తేల్చండి. మరిపెడ గోదాములో మనిషి కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. తప్పు తేల్చినవారిని అక్కడికి పంపితే వారికీ ప్రశాంతంగా ఉంటుంది, నాకూ ఉంటుంది."

మా మరిపెడ గోదాము గురించి సంఘంలో చెప్పుకునే మాటలకు అంతు లేదు. అక్కడి ఎలుకలు చిలపలు కొరకవట, విప్పి మళ్లీ చుట్టి పెడతాయట. అక్కడికి బదిలీ అయిన ఒకాయన ఆర్నెల్ల తర్వాత వచ్చి సొంత పేరు చెప్పడానికి కొంచెం ఆలోచించాడట. ఈ సంగతి ఇంట్లో చెబితే, వరంగల్ బడిలో పంతులమ్మగా ఉన్న మా ఆవిడ పిల్లల పరీక్ష కాగితాల మీంచి తల ఎత్తకుండానే తీర్పిచ్చింది.

"మీరు పోతె పోన్రి. నా బడి ఈడ ఉన్నది. ఆదివారం వస్తె అన్నం వండి పెడ్త, అంతే."

అంటే నా సంసారం మొత్తం ఇప్పుడు ఆ సాఫ్టువేరు మీద ఆధారపడి ఉంది.

అసలా సాఫ్టువేరు చేసే పనేమిటో చెప్పాలి. మెదడున్న పెట్టె ఒక్కటే. దాని నుంచి నాలుగు గదులకు నాలుగు తీగలు. తీగ చివర ఒక బొమ్మల్లేని టీవీ, ఒక మీటల పలక. వాటికి సొంత బుర్ర లేదు. సెలూన్‌లో ఒకే మనిషి నలుగురికీ నురగ పూసి, ఈయన దవడ మీద ఒక గీత, ఆయన గడ్డం మీద ఒక గీత గీస్తూ మెరుపులా తిరుగుతుంటే, నలుగురూ కళ్లు మూసుకుని 'నా ఒక్కడికే చేస్తున్నాడు' అనుకున్నట్టు. కత్తి ఒక్కటేనన్న సంగతి ఎవరికీ తెలియకూడదు. అదీ దాని గొప్ప.

దీన్ని తూచడానికి నేను ముప్ఫై ఏడు ప్రశ్నలు తయారు చేశాను. అక్షరాలు ఆకుపచ్చగా ఉంటాయా, పసుపుపచ్చగా ఉంటాయా? మీట నొక్కితే చప్పుడు ఎంత? మిషనుతో ఇచ్చే పుస్తకం అట్ట గట్టిదేనా? ఒక్కోదానికి మార్కులు. ఆ పట్టికను చూసి నాకే నా మీద భక్తి కలిగింది.

మొదటి కంపెనీ మనిషి టై కట్టుకుని వచ్చాడు. వరంగల్ ఎండాకాలంలో టై! మెడ దగ్గర చెమట కాలువ కట్టినా ముడి వదులు చేయలేదు. అప్పటికప్పుడు బిగించిన ఏసీ, కాజీపేటలో గూడ్సు బండి కదిలినట్టు చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడును మించి ఆయన ఇంగ్లీషు. ఒక టీవీ ముందు కూర్చుని టకటకా కొట్టాడు, వచ్చింది. లేచి రెండోదాని ముందు కూర్చున్నాడు, వచ్చింది. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. రంగుల విభాగం పెద్ద అనుమానంగా ముందుకొచ్చాడు.

"నా దాంట్ల రాసింది గోదామాయన సూస్తడా?"

"చూడలేరు సార్. మధ్యలో గోడ ఉన్నట్టే."

"గోడ ఉంటె తలుపుంటది గద. తాళం చెయ్యి ఎవరి దగ్గర?"

"పాస్‌వర్డ్ అంటాం సార్. అది మీ మనసులోనే ఉంటుంది."

"నా మనసుల ఉన్నది నాకంటె ముందుగాల మా ఇంటామెకు ఎరుకైతది. గదేం తాళం?"

అందరూ నవ్వారు. టై మనిషి మాత్రం నవ్వలేదు. ఆ గాంభీర్యానికి రెండు మార్కులు ఎక్కువేశాను.

రెండో కంపెనీ మనిషి బక్కపలచన. జలుబు. తెచ్చిన టీవీల్లో అక్షరాలు ఆయనలాగే పాలిపోయి ఉన్నాయి. "జర మెల్లగ ఉంటది సార్, అబద్ధం ఎందుకు చెప్పాలె" అని మొదటి మాటే అలా అన్నాడు. అమ్ముకోవడానికి వచ్చినవాడు నిజం చెబితే ఎవరికైనా అనుమానమే కదా. మార్కులు కోశాను. తుమ్మినందుకు ఇంకో మూడు కోశాను.

నలభై పేజీల రిపోర్టు తయారైంది. మొదటి కంపెనీయే మేలని ప్రతి పేజీ చివరా, మర్చిపోతారేమోనని, మళ్లీ రాశాను. పాలకవర్గం సమావేశంలో మేనేజరు గారు సంతకానికి పెన్ను మూత తీశారు కూడా. అప్పుడు మా అధ్యక్షుడు, యాభై ఏళ్లు గుంట మగ్గంలో కాళ్లాడించిన పెద్దాయన, తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఒక్క మాటడిగాడు.

"తెంపి సూసిన్రా?"

ఆ మాట వెనక ఉన్న ఆచారం నాకు తెలుసు. మిల్లు నుంచి నూలు బేలు రాగానే మా సంఘం దాని చీటీ చదవదు. చీటీ మిల్లువాడు రాసుకున్నది. బేలు నడుమ చెయ్యి పెట్టి ఒక చిలప లాగుతారు. నీళ్లలో ముంచుతారు. అధ్యక్షుడితో కలిపి పాలకవర్గంలోని నలుగురు పెద్దలూ నాలుగు వైపులా పట్టుకుని ఒకేసారి గుంజుతారు. పుటుక్కున తెగితే బేలు వెనక్కి పోతుంది. సాగి నిలిస్తే లోపలికి వస్తుంది. ఇది నూలుకే పరిమితమైతే బాగానే ఉండేది. సంఘానికి ఫ్యాను కొన్నప్పుడు నలుగురూ నాలుగు బల్లలెక్కి రెక్కలు పట్టి గుంజారు. ఆ ఫ్యాను నా నెత్తి మీద ఈనాటికీ కల్లు తాగినట్టే తిరుగుతుంది.

"అది నూలు కాదు కాకా, కంప్యూటర్. దాన్ని ఎట్ల తెంపుతం?"

"నూలు కాదని నాకు ఎరుకనే బిడ్డా. కొంటానం గద? కొనేది ఏదైనా తెగేదాక గుంజి సూసుడే."

"ముప్ఫై ఏడు పరీక్షలు పెట్టిన కాకా!"

"నువ్వొక్కనివే పెట్టినవు. నలుగురం కలిసి గుంజినమా?"

మేనేజరు గారు పెన్ను మూత పెట్టేశారు. ఆ మూత చప్పుడు నాకు మరిపెడ బస్సు తలుపు వేసినట్టు వినిపించింది.

మర్నాడు ఇద్దరు కంపెనీ మనుషుల్నీ మళ్లీ పిలిపించాం. నాలుగు టీవీలనూ పెద్ద హాల్లో వరసగా పెట్టించాం. పాలకవర్గం పెద్దలు నలుగురూ చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తువ్వాళ్లతో వేలు వేలూ తుడుచుకుని కూర్చున్నారు. ఒక్కరికీ ఇంగ్లీషు అక్షరం రాదు. అదేమీ అడ్డు కాదని పెద్దాయన తేల్చేశాడు.

"ఏది దొరికితె అది కొట్టున్రి. ఎవ్వలు ఆపకున్రి. అందరు ఒక్కపారే. కానియ్యున్రి!"

మగ్గం మీద అలవాటైన చేతులవి. వాన రేకుల మీద పడ్డట్టు కొట్టారు. టై మనిషి మిషను మొదట నాలుగు వరసలు చకచకా చూపించింది. తర్వాత ఒక టీవీ ఆగింది. ఆ వెంటనే మిగతా మూడూ దాని బాధ చూడలేనట్టు ఆగిపోయాయి. పెట్టె మాత్రం లోపల గుయ్యిమంటూనే ఉంది. ఆయన ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మొదటిసారి టై ముడి వదులు చేశాడు.

"సార్, ప్రపంచంలో ఏ ఆఫీసులోనూ నలుగురూ ఇట్లా ఒకేసారి కొట్టరు. ఇది అన్యాయం!"

"మా దగ్గర సోమవారం సూసినవా సారూ?" అన్నాడు పెద్దాయన, మెత్తగా.

నేను తల పట్టుకున్నాను. సోమవారం మా సంఘంలో నూలు పంచే రోజు. ఆ పొద్దున కాశిబుగ్గ సందులన్నీ మా గేటు ముందే ఉంటాయి. గోదాములో చిలపలు దిగుతుంటాయి, రంగుల వాళ్లు తమ వాటా కోసం అరుస్తుంటారు, మగ్గాల వాళ్లు పేర్లు పిలుస్తుంటారు, దుకాణంలో తెచ్చిన జంపఖానాలు పరుస్తుంటారు. నాలుగు గదులూ ఒకే గడియలో, ఒకే గొంతుతో. ఆ రోజు పెట్టె ఆగితే నేతగాడికి నూలందదు, మగ్గం వారమంతా ఖాళీ. పదేళ్లుగా ప్రతి సోమవారం ఆ తొక్కిసలాటలో చొక్కా గుండీలు పోగొట్టుకున్నది నేనే. అయినా నా ముప్ఫై ఏడు ప్రశ్నల్లో సోమవారం లేదు. అట్ట గట్టిదేనా అన్నది మాత్రం ఉంది.

జలుబు మనిషి మిషను వంతు వచ్చింది. నలుగురూ మళ్లీ మొదలుపెట్టారు. మెల్లగా ఉంటుందన్నాడు కదా, మాట తప్పలేదు. కొట్టిన అక్షరం పొద్దుటి ప్యాసింజరు బండిలా ప్రతి స్టేషన్లో ఆగి ఆగి వస్తోంది. కానీ వస్తోంది. నాలుగింట్లోనూ వస్తోంది. చాలాసేపు కొట్టారు. వేళ్లు నొప్పి పుట్టి తిట్టుకుంటూ కొట్టారు. ఆగలేదు.

ఇంతలో చివరి టీవీ ముందు కూర్చున్న మా అధ్యక్షుడికి ఓపిక పోయింది. "గుంజుడంటె గిట్ల కాదు" అంటూ వంగి, టీవీ వెనక తీగను పట్టుకుని, బేలులోంచి చిలప లాగినట్టు ఒక్క గుంజు గుంజాడు. తీగ ఊడి చేతిలోకొచ్చింది. జలుబు మనిషి తుమ్ము మధ్యలోనే ఆగిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. మూసిన కళ్లలో తొర్రూరు మీదుగా మరిపెడ పోయే బస్సు కనిపించింది.

కళ్లు తెరిచి చూస్తే ఆ ఒక్క టీవీ నల్లబడింది. మిగతా మూడింట్లో అక్షరాలు తమ దారిన తాము నడుస్తూనే ఉన్నాయి.

పెద్దాయన మూడింటినీ వంగి వంగి చూశాడు.

"ఒక పోగు తెగింది. బట్ట ఖరాబు కాలె. గిదే కొనున్రి."

మేనేజరు గారు నా నలభై పేజీలు చేతిలోకి తీసుకున్నారు. చివరి పేజీ తిప్పి చూశారు, దాని ముందు పేజీ తిప్పి చూశారు.

"ప్రతి పేజీలోనూ తప్పు కంపెనీ పేరే రాశారే. ఎంత శ్రద్ధండీ! మరిపెడకు ఆర్డరు టైపు చేయించమంటారా?"

పెద్దాయనే అందుకున్నాడు.

"ఆయనను మరిపెడ పంపితె ఈ డబ్బాను ఎవలు సూస్తరు సారూ? నీకస్తదా? నాకస్తదా?"

మేనేజరు గారు పెట్టెను చూశారు. నన్ను చూశారు. మళ్లీ పెట్టెను చూశారు. ఆయన ముఖంలో వెలుగు చూసి నాకు భయమేసింది.

"నిజమే. ఒక్క మిషను నలుగురికి పని చేస్తున్నప్పుడు, దానికి తగ్గ మనిషి కూడా అలాగే ఉండాలి కదా. నాలుగు గదుల్లో నాలుగు కుర్చీలు వేయిస్తాను. అన్నీ మీవే. పోతే, మరిపెడ వాళ్లూ పాపం అడుగుతున్నారు. గురువారం, శుక్రవారం అక్కడ చూడండి."

బదిలీ తప్పింది. దాని బదులు నన్నే ముక్కలు చేశారు. సోమవారం వస్తే గోదాములో కూర్చోగానే రంగుల గది నుంచి కేక, అక్కడికి పోగానే దుకాణం నుంచి కేక. "ఏడికి పోతాండు? మా దగ్గర జర కూసోడా?" అని నలుగురూ నాలుగు దిక్కుల నుంచి. ప్రతివాడికీ నేను తనకొక్కడికే ఉన్నట్టు ఉండాలి. నా చెప్పులు నెలకో జత అరిగాయి. ఇంట్లో ఆ నలుగురి సంగతి చెప్పి ఏడిస్తే మా ఆవిడ, "ఆఫీసుల నలుగురి లెక్క పని చేస్తున్నరట. ఇంట్ల సగం మనిషన్న కనపడరైతిరి" అంది.

ఇక గురువారం. తొర్రూరు దాకా నిలబడి, ఆ తర్వాత ఎవరిదో మిరపకాయల మూట మీద కూర్చుని మరిపెడ చేరేవాణ్ణి. గోదాము తాళం తీస్తే లోపల బేళ్లు, ఒక ముక్కాలి స్టూలు, ఒక కుండలో చల్లటి నీళ్లు. తీగ లేదు, టీవీ లేదు, కేక లేదు. ఎలుకలు కూడా చెప్పినంత చదువుకున్నవేమీ కావు. పొద్దంతా నా ముక్కలన్నీ కలిసి ఒకే ఒక మనిషిగా కూర్చునేవాణ్ణి. వారం మొత్తంలో అదొక్కటే చోటు.

ఆ సంగతి ఇంట్లో గానీ, ఆఫీసులో గానీ ఎవరికీ చెప్పలేదు. ప్రతి బుధవారం సాయంత్రం మేనేజరు గారి గది ముందు ఆగి, తలుపు దాటి వినపడేంత గట్టిగా నిట్టూర్చి, "రేపు మళ్లీ మరిపెడ!" అని గోడకు చెప్పి వెళ్లేవాణ్ణి. ఆ నిట్టూర్పు విన్నంతకాలం ఆయన నన్ను అక్కడికి పంపడం మానలేదు.