బెన్నీ గారి అభ్యంతరం

మా బెన్నీ గారు ఏ పనీ చివరిదాకా కూర్చుని చెయ్యలేరు. టీ సగం, గడ్డం సగం, ప్రార్థన సగం. తప్పు ఆయనది కాదు, ఆయన ఫోనుది.

మునిసిపాలిటీలో నీళ్ళ సూపర్‌వైజరు ఆయన. ఊరి మంచినీళ్ళ పైపులకి సెన్సర్లు పెట్టి, వాటి కబుర్లన్నీ ఆయన ఫోనుకి కలిపారు. ఎక్కడ ప్రెజర్ తగ్గినా అది కుయ్యిమంటుంది, ఈయన లేస్తారు. ఒకసారి సగం చెంప నురగతోనే మిర్చి కోల్డ్ స్టోరేజీల దాకా స్కూటర్ మీద వెళ్ళొచ్చారు. పక్క కుర్చీలో పనిచేసే నాకు ఆయన మొహం కంటే వీపే బాగా గుర్తు.

"కాస్త కూర్చోండి సార్, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంటే, "కూర్చున్నానుగా నస్రత్!" అనేవారు, గుమ్మంలోంచి.

ఒక్కగానొక్క కూతురు స్తుతి పెళ్ళికి మాత్రం కదలనని భార్య షారోన్ గారికి మాటిచ్చారు. చర్చిలో ముందు వరసలో, కొత్త సూటులో, మోకాళ్ళు ఆడిస్తూ కూర్చున్నారు పాపం.

పాస్టరు గారు అడిగారు: "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

ఫోను కుయ్యిమంది. బెన్నీ గారు లేచారు.

"పిల్ల తండ్రే లేచాడేంటి!" అంటూ పెళ్ళికొడుకు తండ్రి జక్రయ్య గారూ లేచారు. స్తుతి మొహం పాలిపోయింది.

"అభ్యంతరం కాదండీ! గట్టువీధిలో ప్రెజర్ పడిపోతోంది!"

షారోన్ గారు ఫోను లాక్కుని నా ఒళ్ళో పడేశారు. "దీని నోరు మూయించమ్మా!"

తెరిచి చూస్తే నాకు ఒళ్ళు మండింది. మిగతా వీధులకి నీళ్ళు బాగా తగ్గితేనే మోత. గట్టువీధికి మాత్రం రవ్వంత తగ్గినా మోగేలా ఈయనే పెట్టుకున్నారు!

"ఏంటి సార్ ఇది?"

"అది ఎత్తు కదమ్మా," అన్నారు నేల చూపులు చూస్తూ. "అందరిలాగే పెడితే, మోగేసరికే అక్కడ కుళాయిలు ఆగిపోతాయి. ఆ వీధిలో ఉండే ముసలావిడ ఎలీసమ్మ గారు మోకాళ్ళ నొప్పులతో గట్టు దిగి బిందె మొయ్యాలి. ఇవాళ వాల్వు తిప్పే మనిషి కూడా సెలవు."

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆ పెద్దమనిషి మీద ఎక్కడలేని అభిమానం ముంచుకొచ్చింది.

జక్రయ్య గారిది కనిగిరి. నీళ్ళ ట్యాంకరు వెనక బిందెతో పరిగెత్తి పెరిగినాయన. ఆయనే ముందు తేరుకున్నారు.

"వెళ్ళి తిప్పి రండి బావగారూ, మేమేం పారిపోంలే. పాస్టరు గారూ, మీరో పాట అందుకోండి."

పాటలో చరణాలన్నీ అయిపోతే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాం. అప్పటికి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు బెన్నీ గారు, సూటంతా బురద, మొహమంతా నవ్వు.

"అభ్యంతరం ఏమీ లేదండీ పాస్టరు గారూ, కానివ్వండి!"