జపాను కుర్రాడికి మా అత్త మారు వడ్డన

“ఏలికపాములురా అవి! తెల్లగా, పొడుగ్గా గిన్నెలో కదల్తన్నాయి. నా కళ్ళతో సూసినాను!”

“పాములేటే అమ్మా, గోధుమపిండి! పిసికి, పరిచి, కత్తితో సన్నగా కోసినాను. ఒక్కపాలి నోట్లో ఎట్టుకుని సూడు.”

“నోట్లోనా? సంతంతా తిరిగి ఎండుచేపల్లో భావనపాడు నెత్తళ్ళు ఏరి, మూట కట్టి పంపినాను, నా కొడుకు కూట్లో నంజుకుంటాడని. ఊరూ పేరూ తెలీని ఓడోళ్ళకి ఉడకేసి పొయ్యడానికి పంపినానా? సర్దు. రేపు పొద్దున్న బండికి నువ్వూ, నీ పెళ్ళామూ నాతో ఊరికి వచ్చీవలసిందే.”

“నాను రాను.”

“నిన్ను తీసుకెళ్ళకుండా నానూ ఎల్లను. ఇక్కడే కూకుంటాను, సూడు.”

అలా అరుచుకుంటున్నది మా అత్త, మా ఆయన. వాళ్ళకు ఒక పక్కగా, గోనెపట్టా తెర దగ్గర, చంకలో బట్టల మూటతో నోరు తెరుచుకుని నిలుచున్నది నేను. విశాఖపట్నం హార్బరు దగ్గర ఒక రేకుల షెడ్డు అది. ఆ రోజుల్లో కొత్తకోడలు నోరు తెరిచిందంటే ఆశ్చర్యపోవడానికే తెరిచేది గాని, పెద్దవాళ్ళ ముందు మాట్లాడడానికి కాదు. (తరవాత తరవాత నేను ఆ లోటంతా తీర్చుకున్నానని మా పిల్లలు అంటారు. అననీ.)

ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు నన్ను అదే విశాఖపట్నంలో ఒక చల్లటి గదిలో కూర్చోబెట్టి, పెద్ద గిన్నె ఒకటి ముందు పెట్టించి, “అమ్మమ్మా, దీన్ని రామెన్ అంటారు. జపాన్ వాళ్ళ తిండి. నువ్వు కలలో కూడా చూసుండవు” అంది. అని, తన గిన్నెలో సగం వదిలేసి ఫోను పట్టుకుంది. ఆ మిగిలినది నా ముందుకు లాక్కుని, గిన్నె రెండు చేతులా ఎత్తి, అడుగంటా జుర్రున తాగేశాను. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. మనవరాలు సిగ్గుతో తల వంచుకుంది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్నే గాని, ఈ గిన్నె దగ్గర మాత్రం దానికంటే పెద్ద చదువే చదివాను.

మా ఆయన అప్పటికి హార్బరు దగ్గర ఒక క్యాంటీనులో వంటమనిషి. మా కొత్తవలస మీదుగా ఎర్రమట్టి గూడ్సులు కొత్తగా నడుస్తున్న కాలం. ఆ ఇనుపరాయి ఎత్తుకుపోవడానికి జపాను నుంచి ఓడలు వచ్చేవి. ఒక ఓడ ఏదో మరమ్మతుకని చాలాకాలం ఆగిపోతే, అందులో వంట చేసే ముసలాయన క్యాంటీను సాంబారుతో విసిగిపోయి, మా ఆయన పక్కన నిలబడి చేతి సైగలతోనే తమ సేమ్యా పులుసు నేర్పాడట. ఉల్లిపాయలు, కోడి ఎముకలు, ఎండుచేపలు పొద్దుటినుంచి సన్నని సెగ మీద మరగాలి. అందులో ఈ పిండితాళ్ళు వెయ్యాలి. వెళ్ళిపోతూ, మళ్ళీ వచ్చినప్పుడు తన ఓడవాళ్ళందరినీ తీసుకొస్తానని గుండె మీద చెయ్యి వేసి చెప్పాడట. ఆ మాట నమ్మి మా ఆయన క్యాంటీను మానేసి షెడ్డు పెట్టాడు. ఆ ఓడ మళ్ళీ వచ్చింది. వాళ్ళు తినడానికి వస్తామన్నది సరిగ్గా, కొడుకు క్యాంటీను మానేశాడని తెలిసి మా అత్త నన్ను వెంటబెట్టుకుని దిగిన ఆ సాయంత్రమే.

ఇక నా సంగతి. పెళ్ళయ్యాక మా ఆయన్ని చూసినదానికన్నా మా అత్త గేదెను చూసిందే ఎక్కువ. ఆయన ఊరికి తిరిగి వచ్చేస్తే ఇద్దరం ఒకచోటే ఉంటాం, నిజమే. కానీ ఆ పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ, మూకుడు తీసి వాసన చూసుకుని తనలో తను నవ్వుకుంటున్న మనిషిని చూశాక, ఈయన్ని తీసుకెళ్ళి గేదె వెనకాల నిలబెట్టడం నాకు నచ్చలేదు. ఈ కొట్టు నిలబడితే నేనూ ఇక్కడే ఉండిపోవచ్చునన్న ఆశ కూడా పుట్టింది. (ఆశ పుట్టిందని అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను.)

చివరికి మా అత్త ఒక మెట్టు దిగింది.

“సరే. ఈ పూట సూత్తాను. నీ కొట్లో కూకున్నోడు ఒక్కడైనా కడుపు నిండకుండా లెగిసినాడో, పొయ్యిలో నీళ్ళు పోసీసి బండెక్కాలి. ఒప్పుకుంటావేట్రా?”

“ఒప్పుకున్నాను. నువ్వు మాత్రం నోరెత్తకు.”

“నాకేటి పని నోరెత్తడానికి? వడ్డన నాను సూసుకుంటాను.”

అక్కడే వచ్చింది ముప్పు.

పొద్దుగూకే వేళకు ముసలాయన ముందు, ఆయన వెనకాల ఓడవాళ్ళు వచ్చారు. గుమ్మంలోనే అందరూ నడుములు వంచారు. మా అత్త కూడా వంగి నేలంతా వెతికి, “ఏటి పారీసుకున్నారో, దొరికినట్టు లేదు” అంది. బల్ల దగ్గర చోటు నలుగురికే. మిగిలినవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నన్ను గోనెపట్టా వెనకాల కూర్చోబెట్టి, రుచి చూడమని మా ఆయన ఒక గిన్నె ఇచ్చాడు. నేను రుచి చూడలేదు. చిరుగులోంచి వాళ్ళను చూశాను.

ఎన్నని చెప్పను! చేతులుండగా వెదురు పుల్లలతో తినడం ఒక వింత. గిన్నె ఎత్తి మొహం అందులో పెట్టేయడం ఒక వింత. అన్నిటినీ మించింది ఆ చప్పుడు. చిన్నప్పుడు నేను చారు జుర్రితే మా నాన్న గరిటె తిరగేసేవాడు. అలాంటిది, గెడ్డాలు నెరిసినవాళ్ళు, మీసాలు రానివాళ్ళు తేడా లేకుండా ఒక్కసారి జుర్రుమంటే షెడ్డు రేకులు అదిరిపోయాయనుకున్నాను. మా అత్త గరిటె పట్టుకునే బిగుసుకుపోయి, “ఓలమ్మో, ఈళ్ళకి సెప్పినోళ్ళు లేరేటే!” అంది.

అందరికన్నా ముందు తినేసినవాడు కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు. చివరి చుక్క దాకా తాగి, గిన్నె కింద పెట్టి, చేతులు జోడించి తల వంచాడు. మా అత్త ఖాళీ గిన్నె చూసింది. మావైపు పెట్టుపోతల్లో ఒక పద్ధతుంది. కడుపు నిండినవాడు ఆకు మీద చేతులు అడ్డం పెడతాడు, వద్దు బాబోయ్ అంటాడు, మొహం తిప్పేసుకుంటాడు. అప్పటిదాకా వడ్డిస్తూనే ఉండాలి. ఆకు ఖాళీ అయి, చెయ్యి అడ్డం రాలేదంటే ఆ ఇంటికి అంతకన్నా తలవంపు లేదు. మా అత్త చరచరా వెళ్ళి గిన్నె నింపేసింది.

కుర్రాడు కళ్ళు పెద్దవి చేశాడు. ముసలాయన వైపు చూశాడు. ముసలాయన మా అత్తకు ఏమాత్రం తీసిపోని చూపొకటి చూశాడు. పెద్దావిడ పెట్టినది వదిలేయకూడదన్నమాట అని ఆ చూపులోనే నాకు తెలిసిపోయింది. కుర్రాడు మళ్ళీ తినేశాడు. చుక్క మిగల్చలేదు. మా అత్త మళ్ళీ నింపింది. కుర్రాడు మళ్ళీ తిన్నాడు. వాడి కళ్ళజోడు ఆవిరి పట్టిపోయింది. నడుం పట్టీ వదులు చేసుకున్నాడు. నుదుట చెమట గిన్నెలో పడుతోంది.

“అమ్మా, ఆపే! అడుగంటిపోతన్నాది. గుమ్మంలో ఉన్నోళ్ళకేటి పొయ్యను?”

“ఎలా ఆపుతాన్రా? అడ్డం ఎట్టలేదు కదా!”

“ఆళ్ళ పద్ధతి అంతేనే!”

“ఆకలికి పద్ధతేట్రా? ఇందాకణ్ణుంచీ గిన్నె నాకీసి కూకుంటన్నాడు. ఎవులు కన్న బిడ్డో, ఓడలో ఎన్నాళ్ళు పస్తున్నాడో. ఈడు ఇలాగే లెగిసినాడో, నీ కొట్టు మూసీడమే!”

మా ఆయనకు ఆ భాషలో ఉప్పుకూ, నిప్పుకూ తప్ప సైగలు రావు. తప్పేలా వంచితే గరిటె అడుగుకు తగిలి గణగణమంది. మా అత్త మిగిలినది ముంచుకుని మళ్ళీ కుర్రాడి వైపే బయలుదేరింది. వాడికి కడుపు పగులుతుందో, మాకు కొట్టు పోతుందో, రెండింటిలో ఒకటి ఖాయం.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఈనాటికీ గుండె గుభేలుమంటుంది. చేతిలో గిన్నెతో గోనెపట్టా తప్పించుకుని, పరాయి మగవాళ్ళ ఎదట, అత్త ఉండగా, బయటికి వచ్చి నిలుచున్నాను. కుర్రాడు తలెత్తాడు. ఒక చేత నా గిన్నె పట్టుకుని, రెండో చెయ్యి దాని మీద అడ్డం పెట్టి, పెళ్ళిబంతిలో మా మావయ్యలా మొహం పక్కకు తిప్పి, చాలు చాలని తల అడ్డంగా ఊపాను.

కుర్రాడు ఒక్క క్షణం నన్నే చూశాడు. మా అత్త గరిటె వంచబోయే లోపల రెండు అరచేతులూ గిన్నె మీద ఠపీమని వేసి, మొహం తిప్పేసుకుని, నాకన్నా బాగా తల ఊపాడు. మా అత్త వేళ్ళ సందుల్లోంచి పోద్దామని చూసింది గాని, వాడు చేతులు తియ్యలేదు.

“అదీ!” అంది మా అత్త, మొహం చేటంత చేసుకుని. “ఇప్పుడు నిండినాది నాయినా. ముందే ఎట్టొచ్చు కదా!”

అది చూసి ముసలాయన కూడా చేతులు అడ్డం పెట్టాడు. మిగతా ఇద్దరూ పెట్టారు. గుమ్మంలో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వి లోపలికి వచ్చారు. వాళ్ళకు సరిపడా పులుసు లేదని మా ఆయన తల పట్టుకుంటే, మా అత్త మా అన్నానికి వార్చిన గంజి తెచ్చి తప్పేలాలో పోసి, గుప్పెడు నెత్తళ్ళు పడేసి మరిగించింది. (గంజి పారబోసే ఇల్లు మాది కాదు.) వాళ్ళు అదీ జుర్రుకుని తాగి, ఎవరికి వారే గిన్నె మీద చేతులు పెట్టేసుకున్నారు. వెళ్ళేటప్పుడు ముసలాయన మా ఆయన భుజం తట్టి, మళ్ళీ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక మా అత్త నావైపు తిరిగింది.

“ఒసే, పరాయి మొగోళ్ళకి సైగలు సేత్తావేటే?”

ఆమె నా చేతిలో గిన్నెలోకి తొంగి చూసింది. అంతా అలాగే చల్లారిపోయి ఉంది.

“తిను. పారబోత్తే ఊరుకోను.”

ఒక్క దారం నోట్లో వేసుకున్నాను. మా ఊరి సంతలో నెత్తళ్ళ వాసన, మా ఇంటి పొయ్యి వాసన. పరాయి దేశపు తిండిలో మా వంటగది తగిలేసరికి నేను మళ్ళీ నోరు తెరిచాను. గిన్నె ఎత్తి, అత్త ఎదటే జుర్రున తాగేశాను. చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోయాను. తప్పేలాలో ఉన్న ఆఖరి గరిటెడూ నా గిన్నెలో పడింది. ఇప్పుడు చల్లటి గదుల్లో ఎంత పెద్ద గిన్నె ముందు పెట్టినా, ఆ చిరుగు పట్టా పక్కన మొహం తిప్పుకుని నిలుచున్న పిల్ల నాకు కనిపిస్తుంది. బాగా భయపడింది పాపం. దాన్ని చూస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

మర్నాడు పొద్దున్న మా అత్త నన్ను నిద్ర లేపి, నెత్తళ్ళ తలలు తీసెయ్యకపోతే పులుసు చేదెక్కుతుందని గిల్లి చూపించింది. గిల్లిన తలలు ఊళ్ళో పిల్లికి పనికొస్తాయని కొంగున కట్టుకుంది. తరవాత ఒక్కతే స్టేషనుకు వెళ్ళి కొత్తవలస బండెక్కింది. నా బట్టల మూట షెడ్డులోనే ఉండిపోయింది.