నేను వదిలేసిన చెయ్యి

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబుదామని ఎన్నోసార్లు కూర్చున్నాను. కూర్చుని, వానల గురించో మిరప తోటల గురించో మాట్లాడి లేచి వచ్చేశాను. నా వల్ల ఒక మనిషి ఆట పోయింది. ఈ బరువు మోస్తూనే జుట్టు నెరిసింది, పళ్ళు కదిలాయి, మనవలు పుట్టారు. విసుగు మాత్రం తగ్గలేదు. ఎవరి మీద విసుగంటే, నా మీదే.

ఇదిగో, అప్పుడే మొదలుపెట్టాను. బరువట, మొయ్యడమట. ఏం చేశావో సూటిగా చెప్పవయ్యా అని నన్ను నేనే కసురుకోవాల్సి వస్తోంది.

ఎనభైల మధ్యలో సంగతి. మాచర్ల దగ్గర ఒక ఫ్యాక్టరీ కబడ్డీ టీముకు ఆడేవాణ్ణి. ఫ్యాక్టరీ పేరు రాయను. రాస్తే మీరు వాళ్ళను తిట్టుకుంటారు, నేను తప్పించుకుంటాను. కాగితాల మీద మేమంతా హెల్పర్లం. నిజానికి ఆడటమే మా ఉద్యోగం. పొద్దున్నే గేటు దగ్గర సంతకం పెట్టి గ్రౌండుకు పోయేవాళ్ళం. అందరం టెంపరరీయే. బాగా ఆడితే పర్మనెంటు చేస్తామన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని మా ఇళ్ళల్లో పెళ్ళి సంబంధాలు కూడా మాట్లాడేసుకున్నారు.

నేను కెప్టెన్ని. ఆటలో నాకన్నా మంచివాడు సైదులు. వెల్దుర్తి వైపు మెట్ట పొలాల్లోంచి వచ్చినవాడు. ఎడమ మూల వాడిది, వాడి పక్కన చోటు నాది. కబడ్డీ తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పాలి. అవతలివాడు కూత పెట్టుకుంటూ మా వైపు వస్తే మేము చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడతాం. మూలలో ఉన్నవాడు వంగి వాడి చీలమండ అందుకుంటాడు. అందుకున్నవాడు ఒక్కడే అయితే, కూతకొచ్చినవాడు బలమైనవాడైతే, వాణ్ణి కూడా ఈడ్చుకుని గీత దాటేస్తాడు. పక్కవాడి చెయ్యి గట్టిగా ఉంటేనే మూలవాడి పట్టు నిలుస్తుంది. అందుకని ఆటకు ముందు ఇద్దరం మట్టి తీసుకుని అరచేతులకు రాసుకునేవాళ్ళం. మూడేళ్ళు సైదులు కుడిచెయ్యి నా ఎడమచేతిలో ఉంది. వాడు వెనక్కి చూడకుండా దూకేవాడు. నేను ఉన్నానని అంత నమ్మకం.

నరసరావుపేటలో ఒక టోర్నమెంటు జరిగింది. నాదెండ్ల నుంచి ప్రసాదు అని ఒక కుర్రవాడు వేరే టీముకు ఆడేవాడు, కూతకు వస్తే పాములా జారిపోయేవాడు. అతను ఇంకో మగవాడికి రాసిన ఉత్తరం ఎవరికో దొరికింది. అంతే. సెమీఫైనల్ పొద్దున అతని చేత జెర్సీ విప్పించి బస్సెక్కించారు. మైకులో మాత్రం క్రమశిక్షణ లేనందుకు తొలగించాం అని చెప్పారు. మేమంతా విన్నాం. కొందరు నవ్వారు. నేను నవ్వానా? గుర్తులేదు అని రాయబోయాను. నవ్వాను.

ఆ టోర్నమెంటులో మేమే గెలిచాం. పట్టు బాగా పట్టినందుకు సైదులుకు టేబుల్ ఫ్యాన్ ఇచ్చారు. ఫ్యాన్ చంకలో పెట్టుకుని స్టేజీ దిగిపోవాల్సినవాడు మైకు దగ్గరకు వెళ్ళాడు. దాతలకు థాంక్స్ చెబుతాడనుకున్నాం.

"అందరికీ నమస్కారం. ప్రసాదుని ఆటలోంచి తీసేశారు. ఆడు దొంగతనం జెయ్యలా, ఎవుర్నీ కొట్టలా. ఇంకో మగోణ్ణి ఇష్టపడ్డాడు, అంతే. అది తప్పయితే నన్నూ తీసెయ్యండి. నేనూ అట్టాంటోణ్ణే."

ఇంత పొడుగు మాట వాడు మాతో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. మైకాయన స్విచ్చి నొక్కేసి, కాసేపటికి మళ్ళీ ఆన్ చేసి దాతల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. వెనక ఎవరో ఈల వేశారు. సైదులు మెట్లు దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వేసి ఉండాల్సింది. నేను నీళ్ళు తెస్తానని లేచి వెళ్ళి, తిరిగి రాలేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఎలా గడిచాయో రాయాలంటే చిరాకేస్తుంది. వాడి సబ్బు ముట్టుకునేవాళ్ళు లేరు. బస్సులో వాడి పక్క సీటు ఖాళీ. మూడేళ్ళు ఒకే కంచంలో తిన్నవాళ్ళు, ఒకరి మీద ఒకరు పడి మట్టిలో దొర్లినవాళ్ళు, హఠాత్తుగా శుచి నేర్చుకున్నారు! నన్నయితే ఆటపట్టించడమే పని. "చెయ్యి పట్టుకునేది నువ్వేగా కెప్టెనూ" అని క్యాంటీన్‌లో ఒకడు అనేవాడు, మిగతావాళ్ళు టేబుళ్ళు కొట్టి నవ్వేవాళ్ళు. నాకు అప్పుడే గురజాలలో సంబంధం కుదిరింది. ఆ కబురు అక్కడిదాకా పోతే? రోజూ అదే ఆలోచన. సైదులు ఏం తింటున్నాడు, ఎలా పడుకుంటున్నాడు అన్న ఆలోచన ఒక్కరోజు కూడా రాలేదు.

మీరు అడగొచ్చు, నేనూ వాడిలాంటివాణ్ణేనా అని. కాదు. అదే ఇంకా సిగ్గుచేటు. నేనూ అలాంటివాణ్ణయి ఉంటే, బయటపడతానని భయపడ్డాను అని చెప్పుకోవడానికైనా ఉండేది. నాకు వచ్చిన ప్రమాదమల్లా నలుగురు టేబుల్ కొట్టి నవ్వడం. దానికే నా ప్రాణం పోయినట్టు చేశాను.

పర్మనెంటు చెయ్యబోయే ముందు మాకు ఒక మ్యాచ్ పెట్టారు. ఫ్యాక్టరీ పెద్దలు కుర్చీలు వేసుకుని చూస్తారు, ఆట చూసి ఖాయం చేస్తారు. ముందురోజు మేనేజరు నన్ను పిలిచాడు. మంచి మనిషే, గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఆ మూల నీదీ, సైదులుదీ. రేపు పైవాళ్ళు వస్తున్నారు. నీ సంగతి నువ్వు చూసుకో" అన్నాడు. నేను తలూపి వచ్చేశాను.

మ్యాచ్ రోజు ఎప్పటిలాగే మట్టి రాసుకున్నాం. వాడు చెయ్యి చాచాడు, నేను పట్టుకున్నాను. మొదటి కూత. వాడు చూడకుండా దూకాడు, చీలమండ దొరికింది. నేను చెయ్యి వదిలేశాను. కూతకొచ్చినవాడు సైదులుని రాళ్ళ నేల మీద ఈడ్చుకుంటూ గీత దాటేశాడు. సైదులు అవుట్. తిరిగి ఆటలోకి వచ్చాక మళ్ళీ చెయ్యి చాచాడు. మళ్ళీ వదిలాను. మూడోసారి కూడా చాచాడు చూడండి, అదే నాకు అర్థం కాదు. రెండుసార్లు మోసపోయినవాడు మూడోసారి ఎందుకు చాచాలి? నన్ను తిట్టి పక్కకు జరగొచ్చుగా? వాడి మీద కూడా కోపం వచ్చేది నాకు, ఇన్నేళ్ళలో చాలాసార్లు. అంత నమ్మితే వదిలేవాడికి ఎంత సుళువు! ఇదిగో, మళ్ళీ వాడి మీదకే నెట్టేస్తున్నాను. మూడోసారీ వదిలాను.

కుర్చీల్లోవాళ్ళకు కనిపించింది ఒక్కటే. సైదులు తొందరపడి ముందుకు పడుతున్నాడు, గొలుసు తెంపేస్తున్నాడు. వాళ్ళది తప్పనలేను, దూరం నుంచి అలాగే కనిపిస్తుంది.

ఆట అయ్యాక బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను. వాడు వచ్చాడు. మోచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి.

"వొదిలావేందిరా?" అన్నాడు.

"జారింది. చెమట."

"మట్టి రాసుకున్నాం గదరా."

"ఏమో సైదులూ, జారింది."

"మూడు సార్లా?"

నేను కాళ్ళు కడుక్కుంటూనే ఉన్నాను. అప్పటికే కడిగేసిన కాళ్ళు.

"నా చెయ్యి పట్టుకోటానికి నీకు ఇబ్బందిగా ఉంటే ముందే జెప్పాల్సింది. కుడి మూలకి పొయ్యేవోణ్ణి. నాకు అదీ వొచ్చు గదా" అన్నాడు.

అరవలేదు. నిజంగానే ఆట సంగతి మాట్లాడుతున్నట్టు చెప్పాడు. బోరింగు కొట్టి నా కాళ్ళ మీద నీళ్ళు పడేలా చేసి, వాడు కడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. వాణ్ణి కుడి మూలకు మార్చడం నాకెందుకు తోచలేదు? కెప్టెన్ని. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేవాణ్ణి నేనే. ఒక్క మాటతో పోయేది.

సాయంత్రం రిపోర్టు మీద సంతకం పెట్టాను. ఎడమ మూల ఆటగాడు గొలుసులో నిలవడం లేదు అని ఉంది. ఇంగ్లీషులో ఉంది, అర్థం కాలేదనలేను, ఆ వాక్యం చెప్పి రాయించింది నేనే. మిగతావాళ్ళం పర్మనెంటు అయ్యాం. వాణ్ణి తీసేశారు. మైకులో వాడు అన్న మాట గురించి ఆ కాగితంలో ఒక్క అక్షరం లేదు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే మీరు బహుశా అనుకుంటారు, పాపం, కాలం అలాంటిది, ఊరు అలాంటిది అని. నేనూ చాలా ఏళ్ళు అదే అనుకున్నాను. కాలాన్ని తిట్టాను, పల్నాడును తిట్టాను, మగతనం మగతనం అని మీసాలు తిప్పే జనాన్ని తిట్టాను. ఆ తిట్లన్నీ ఉత్తవి. ఎందుకంటే నెలరోజులకు చిలకలూరిపేట నుంచి ఒక టీమువాళ్ళు సైదులు కోసం వచ్చారు. మైకు సంగతి వాళ్ళకు తెలుసు. ఆ టీము పెద్దాయన, తెల్లపంచె కట్టుకున్న రైతు, ఫ్యాక్టరీ గేటు బయట నన్ను పట్టుకుని అడిగాడు. "ఆడు ఎవుర్ని ఇష్టపడితే మనకేందబ్బాయ్? ఆట ఎట్టా ఉంది? గొలుసులో నిలవట్లేదంటున్నారు, నిజమేనా?"

పక్కన ఎవరూ లేరు. క్యాంటీన్‌వాళ్ళు లేరు, మేనేజరు లేడు. నా ఉద్యోగం అప్పటికే ఖాయం. ఆ ముసలాయన మంచిమాట వినడానికే అంత దూరం వచ్చాడు. "నిజమేనండీ, ఈమధ్య నిలవట్లేదు" అన్నాను.

ఎందుకన్నాను? కాదంటే రిపోర్టు అబద్ధమని ఒప్పుకున్నట్టు అవుతుంది కదా. అంతే కారణం. నా మొదటి అబద్ధం ఒంటరిగా ఉండకూడదని వాడి రెండో ఆధారం కూడా తీసేశాను. ఆ మాట గుంటూరు దాకా పాకింది. మా ఆటలో దొంగని కూడా టీములో పెట్టుకుంటారు, గొలుసు వదిలేవాణ్ణి మాత్రం పెట్టుకోరు. వదిలింది నేను, పేరు వాడికి వచ్చింది. సైదులు మళ్ళీ ఏ టీముకూ ఆడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత గురజాలలో ఒకసారి చూశాను. లారీలోంచి నాపరాళ్ళు దించుతున్నాడు. బండకు ఆ కొస వాడు, ఈ కొస ఇంకొకడు. "పట్టుకున్నావా?" అని అడిగి, అవతలివాడు "ఆఁ" అన్నాకే ఎత్తుతున్నాడు. ప్రతి బండకూ అడుగుతున్నాడు. ఒకప్పుడు వెనక్కి చూడకుండా దూకినవాడు. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని బస్సు కోసం నిలబడ్డాను. పలకరించి ఉంటే ఏమనేవాడో తెలియదు. ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. కృష్ణ దాటి వెళ్ళాడని ఒకరంటారు, లేడని ఒకరంటారు. ఉన్నా నేను వెళ్ళి కాళ్ళ మీద పడతానని మాత్రం మీకు చెప్పను. అంత ధైర్యముంటే ఈ కాగితాలెందుకు.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. అప్పట్లో గురజాలలో కుదిరిన సంబంధం ఆమెదే. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింది. అయిపోయాక నేనే మొదలుపెట్టాను. మేనేజరు అలా చెప్పాడు కాబట్టి, ఆ రోజుల్లో కాదంటే ఉద్యోగం ఉండేది కాదు కాబట్టి, పెళ్ళి పెట్టుకుని... అని ఇంకా ఏదో అంటున్నాను. చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"ఆయన నీ సంగతి నువ్వు చూసుకో అన్నాడు. అంతేగా మీరు చదివింది. చెయ్యి వొదలమని ఎవురు జెప్పారు?"

మేనేజరు ముఖం గుర్తు తెచ్చుకున్నాను. ఆయన గది, టేబుల్ మీద గాజు పలక, ఆయన గొంతు. ఆ మాట వెనక ఇంకో మాట ఉందేమోనని మళ్ళీ మళ్ళీ వెతికాను. బాగా ఆడుకో అనే అర్థంతో కూడా అని ఉండొచ్చు. నేను అడగలేదు. ఇన్నేళ్ళూ నా తప్పును ఆ మంచి మనిషి భుజం మీద పెట్టి మోయించాను.

"ఎవరూ చెప్పలేదు" అన్నాను.

ఆమె చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.