మూడు వారాలకే చచ్చే బ్యాటరీ

మల్లీశ్వరికి ముక్కు మీద ఉండేది కోపం కాదు, చీదర అని దుకాణంలో వాళ్లు అంటారు. వికారాబాద్ స్టేషన్ దగ్గర సోమేశ్వర్ నడిపే ఆ దుకాణం ఇళ్లకు సెన్సర్లు బిగిస్తుంది. తలుపు తెరిస్తే ఫోనుకు కబురు పంపేవి కొన్ని, మనిషి కదిలితే పసిగట్టేవి కొన్ని. వాటికి వైర్లుండవు. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ, అంతే. అది ఎవరింట్లోనైనా ఉత్తపుణ్యానికి అయిపోతుంటే సోమేశ్వర్ పంపేది మల్లీశ్వరినే.

ఆమె బషీరాబాద్ దిక్కు గొర్లు కాసే కిష్టప్ప బిడ్డ. చిన్నప్పుడు గొర్రె కాలికి పుండై పురుగులు పడితే తండ్రి మొఖం చిట్లించకుండా వేలితో తీసేసేవాడు. ఆమె పక్కకు పోయి కక్కుకునేది. "రోత పుడితే పుట్టనీ బిడ్డా. పుండును మాత్రం ఇడువొద్దు," అనేవాడు కిష్టప్ప. పాలిటెక్నిక్ చదివి, పెళ్లయి, వికారాబాద్‌లో కాపురం పెట్టి ముప్పై రెండేళ్లకు వచ్చినా ఆమె తీరు మారలేదు. కారిపోయిన బ్యాటరీ చుట్టూ తెల్లగా పేరుకున్న పొడిని చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అయినా వెనిగర్‌లో ముంచిన దూదితో ఒక్కొక్క మూల తుడిచి గాని మూత పెట్టదు.

పోయిన ఎండాకాలం తాండూరు నుంచి గిరీష్ సేటు ఫోన్ చేశాడు. ఆయనకు పప్పు మిల్లు ఉంది. కొత్తగా కట్టిన ఇంట్లో పది సెన్సర్లు. ఎనిమిది బాగానే ఉన్నాయి. రెండింట్లో మాత్రం బ్యాటరీ మూడు వారాలకే చచ్చిపోతోంది. దుకాణంలో పనిచేసే ఇంకొకడు పోయి నాలుగుసార్లు మార్చినా అంతే.

"కొత్తవి ఏసి రా, ఇంకేం జెయ్యకు," అన్నాడు సోమేశ్వర్.

"రెండేండ్లు రావాల్సింది మూడు వారాలే వస్తే, కొత్తది గూడ మూడు వారాలే వస్తదన్నా," అంది మల్లీశ్వరి, బ్యాగులో కరెంటు కొలిచే మీటర్ పెట్టుకుంటూ.

పొద్దున రైలెక్కి తాండూరులో దిగింది. సేటు ఇంటికి ఆమె రావడం అది రెండోసారి. రెండేళ్ల కింద ఆ పది సెన్సర్లూ బిగించింది ఆమే. ఎక్కడెక్కడ కావాలో సేటు వేలితో చూపించాడు, ఆమె గోడకు రంధ్రాలు వేసింది.

చెడినవాటిలో ఒకటి వంటింట్లో ఉంది. స్టూలెక్కి మూత తీయగానే వాసన కొట్టింది. లోపలంతా నూనె జిడ్డు పట్టి పసుపు పచ్చగా బంకలా సాగుతోంది. ఆ బంకలో బొద్దింక ఒకటి అతుక్కుని ఎండిపోయింది. ఇంతకు ముందు వచ్చినవాడు నాలుగుసార్లూ ఆ బొద్దింక పక్కనే కొత్త బ్యాటరీ పెట్టి మూసేసి పోయాడు. మల్లీశ్వరి ముఖం చిట్లించింది. బొద్దింకను కాగితంతో తీసి పారేసి, బల్ల మీద పాత గుడ్డ పరచి తుడవడం మొదలుపెట్టింది.

వంట చేసే పద్మమ్మ గ్లాసుతో చాయ్ తెచ్చింది. యాభై దాటిన మనిషి. "గది పొగ వస్తే మొత్తుకునే డబ్బనా బిడ్డా?" అని అడిగింది.

"పొగది కాదక్కా. మనిషి కదిలితే కనిపెడ్తది," అంది మల్లీశ్వరి. పద్మమ్మ సరేనని తల ఊపి పొయ్యి దగ్గరకు పోయింది.

ఒక తప్పు త్వరగానే దొరికింది. సెన్సర్లన్నీ కబురు చేర్చే పెట్టెను మేడ మీద ఇనుప బీరువా వెనక దాచారు. కబురు అందక ఈ రెండూ మళ్లీ మళ్లీ పంపుతున్నాయి. చెవిటి మనిషితో మాట్లాడేవాడి గొంతు పోయినట్టే బ్యాటరీ అయిపోతుంది. ఆమె ఆ పెట్టెను తెచ్చి హాల్లో ఎత్తుగా పెట్టింది. రెండో తప్పు, కుక్కర్ ఆవిరి తగిలినా మనిషే అనుకుని వంటింటిది లేచి కూచుంటోంది. దాన్ని పొయ్యికి దూరంగా జరిపింది. అయినా మీటర్ పెట్టి చూస్తే ముల్లు కిందికి రాలేదు. సెన్సర్ ఒకసారి కబురు పంపాక కొంతసేపు నిద్రపోవాలి. ఆ నిద్ర వల్లనే అంత చిన్న బ్యాటరీ ఏళ్లకేళ్లు వస్తుంది. ఇది కన్ను మూయడం లేదు.

"సేటూ, మీ ఫోన్ల దీని సెట్టింగ్ చూడాలె," అంది.

గిరీష్ ఫోన్ తెరిచి చేతికిచ్చాడు. మిగతా ఎనిమిదింటికీ హాలు, మెట్లు, గేటు అని పేర్లున్నాయి. చెడిన రెండింటిలో ఒకదాని పేరు 'పద్మమ్మ వంట'. రెండోది వెనక పనివాళ్ల బాత్రూం ముందున్నది. దాని పేరు 'పద్మమ్మ బాత్రూం'. రెండింటికీ నిద్ర సున్నాకు పెట్టి ఉంది. కింద రోజువారీ పట్టీ. ఎప్పుడు పోయింది, ఎప్పుడు బయటికి వచ్చింది, ఎన్ని నిమిషాలు. వంటింట్లో పది నిమిషాలు కదలిక లేకపోతే ఫోన్ మోగేలా పెట్టారు.

మల్లీశ్వరి పట్టీని కిందికి జరుపుతూ పోయింది. నెలలకు నెలలు ఉంది.

"నిద్ర మీరే తీసేసిన్రా?"

"నేనే తీసేసిన," అన్నాడు గిరీష్, తెలివైన పని చేసినవాడిలా. "నిద్రపోతే లెక్క తప్పుతుండె. కూసుంటుందా, పని జేస్తుందా మనకు తెల్వాలె గద. మిల్లుల ఉండి గూడ చూస్త."

పక్కనే సోఫాలో ఉన్న ఆయన భార్య వినీత నవ్వింది. "రోజుకు పది పన్నెండు సార్లు పోతది. ఓసారి నేనే అడిగిన, ఏందమ్మా, అక్కడనే కాపురమా అని. మా చెల్లెండ్ల గ్రూపుల పెడితే అందరు ఒకటే నవ్వుడు."

చేతిలో ఫోన్ జిడ్డుగా అనిపించింది మల్లీశ్వరికి. బొద్దింకను తీసినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, చెయ్యి చీర కొంగుకు తుడుచుకుంది. అంతలో ఇంకోటి తట్టింది. ఆ బాత్రూం ముందు గోడకు రంధ్రం వేసింది తన చెయ్యే. ఇక్కడెందుకు సేటూ అని ఆ రోజు ఒక్క మాట అడగలేదు. చాయ్ తాగి, సామాను సర్దుకుని, మధ్యాహ్నం రైలుకు పోయింది.

"ఆమెకు తెలుసా?"

"ఎందుకు తెల్వాలె? నువ్వు జర పెద్ద బ్యాటరీ ఉన్నది ఏదన్న ఏసిపో," అన్నాడు గిరీష్.

మల్లీశ్వరి స్క్రూడ్రైవర్ అందుకుంది. వెనక వసారాలోకి పోయి, స్క్రూలు విప్పి, బాత్రూం ముందున్న సెన్సర్‌ను ఊడదీసింది. వంటింటి దాన్ని మళ్లీ బిగించకుండా రెండింటినీ తెచ్చి ఫోన్ పక్కన పెట్టింది.

"బ్యాటరీ తప్పు లేదు సేటూ. మనిషి ఎంబడి పడ్డందుకు అయిపోతున్నది. ఈ రెండు నేను పెట్ట."

గిరీష్ వెంటనే సోమేశ్వర్‌కు ఫోన్ కలిపి, సంగతి చెప్పి, ఆమె చెవి దగ్గర పెట్టాడు. "మల్లీశ్వరీ, ఇల్లు వాళ్లది. నీకెందుకు? పెట్టి రా," అన్నాడు సోమేశ్వర్.

"నా చేత కాదన్నా. ఇంకోన్ని పంపు," అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

మాటలు పెద్దగా వినిపించేసరికి పద్మమ్మ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. మల్లీశ్వరి ఆమె వైపు తిరిగి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ డబ్బాలు ఏం చేస్తాయో, పట్టీలో ఏముందో, ఆ బాత్రూం దగ్గరది తనే బిగించిందన్న సంగతితో సహా. వినీత మధ్యలో లేచి లోపలికి పోయింది.

పద్మమ్మ చేతిలోని గరిటె నుంచి పప్పు బండల మీద చుక్కలుగా పడుతోంది.

"నాకు షుగరున్నది సేటూ," అంది. "గందుకే పోత. అడిగితే చెప్పకపోదునా? అమ్మ ఓసారి అన్న కాడికెల్లి నేను పగటిపూట నీళ్లు తాగుడు బంద్ జేసిన. నోరెండిపోయి తల తిరిగినా తాగలే. ఆమెకెట్ల తెల్సో అని సోంచాయించుకుంట ఉన్న ఇన్నొద్దులు."

గిరీష్ గొంతు సవరించుకున్నాడు. "అట్ల కాదు పద్మమ్మా, ఇండ్లల్ల ఇప్పుడు అందరు పెట్టుకుంటున్నరు."

పద్మమ్మ వంటింట్లోకి పోయి పొయ్యి కట్టేసింది. గరిటె కడిగి బోర్లించింది. కుండలోంచి ఒక చెంబు నీళ్లు ముంచుకుని అక్కడే నిలబడి మొత్తం తాగింది. తన టిఫిన్ డబ్బా తీసుకుని వెనక తలుపు గుండా వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఇంటికి రాలేదు. ఇప్పుడు తాండూరు స్టేషన్ రోడ్డులో ఒక టిఫిన్ సెంటర్‌లో పూరీలు వత్తుతోంది.

దుకాణానికి వచ్చాక సోమేశ్వర్ అరవలేదు. ముఖం తిప్పుకున్నాడు, అంతే. "నువ్వు పెట్టకుంటే లోకంల పెట్టేటోడు లేడా?" అన్నాడు. అది నిజమే. పది రోజుల్లో వేరే దుకాణం వాళ్లు పోయి గిరీష్ ఇంట్లో కరెంటుతో నడిచే సెన్సర్లు బిగించారు. వాటికి బ్యాటరీ బాధ లేదు. ఆయన అప్పటి నుంచి ముగ్గురు వంటమనుషులను మార్చాడని మల్లీశ్వరి విన్నది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె పెదవి ఒక పక్కకు వంకర పోతుంది.

ఆమె ఉద్యోగం మానలేదు. ఇద్దరు పిల్లల చదువులున్నాయి, చేతిలో ఉన్నది ఈ పనే. కాని డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందు ఇప్పుడొక మాట అడుగుతుంది: "దీని ముందట ఎవరు తిరుగుతరు? వాళ్లకు చెప్పిన్రా?" కొందరు నవ్వుతారు. కొందరు నీ పని నువ్వు చూసుకో అంటారు. నవాబుపేటలో ఒకాయన మెట్ల మీదనుంచే వెనక్కి పంపేశాడు. సోమేశ్వర్ గొణుగుతాడు గాని ఆమెను తీసెయ్యడు. బ్యాటరీ ఎందుకు చస్తోందో చూడగానే చెప్పేవాళ్లు అతనికి ఇంకెవరూ లేరు.

మొన్న పూడూరు దగ్గర ఒక తోట ఇంట్లో అదే మాట అడిగితే, ఆ ఇంటాయన కాసేపు ఆలోచించి కాపలా ఉండే ఈరయ్యను, అతని భార్యను పిలిపించాడు. మల్లీశ్వరి డబ్బా చూపించి అది ఏం చేస్తుందో చెప్పింది.

"గేటు కాడ పెట్టుకోండ్రి," అంది ఈరయ్య భార్య. "మా గుడిసె దిక్కు వద్దు."

ఇంటాయన సరేనన్నాడు. మల్లీశ్వరి నిచ్చెన తీసుకుని గేటు వైపు నడిచింది.