గోడ మీది గోనెపట్టాలు

కొండల నడుమ గిన్నెలా అమరిన ఆ చిన్న ఊళ్ళోకి శిశిరం ఒకసారి దిగిందంటే ఒక పట్టాన కదలదు. పోయినట్టే పోయి, లేత మొక్కలు తల ఎత్తేవేళకు మళ్ళీ వచ్చి, ఒక్క వేకువలో వాటిని ఉడికిన ఆకుల్లా వాల్చేసి పోతుంది. అందుచేత పెరట్లో టమాటా, వంగ నాటుకునే ఇల్లాళ్ళు అక్కడ క్యాలెండరు చూడరు. నారు పోసి అమ్మే ఒకావిడ ఇంటి ప్రహరీగోడ వంక చూస్తారు.

ఆవిడను ఊరంతా మంచు పిన్ని అంటుంది. చలికాలం పొడుగునా ఆమె నారుమడి మీద గోనెపట్టాలు కప్పి ఉంటాయి. తెల్లమంచు ఇక రాదని నమ్మకం కుదిరిన రోజున వాటిని దులిపి గోడ మీద ఆరేస్తుంది. అదే ఊరికి ఆనతి. మరునాడు వీధివీధినా పలుగులు, బొరిగెలు పైకి తీస్తారు.

ఆ నమ్మకం ఎలా కుదుర్చుకోవాలో కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు చేయి పట్టి నేర్పింది. వేకువనే లేచి, గోడ మొదట్లో ఫలానా మూలన మట్టి తవ్వి, మణికట్టు దాకా చేయి దించి కళ్ళు మూసుకోవాలి. "వేళ్ళకి ఆత్రం ఎక్కువ అమ్మాయ్, వాటి మాట వినకు. మణికట్టు ఏం చెబుతుందో అది విను" అనేది ఆ మహాతల్లి. ఆమె స్వర్గస్థురాలైనా పిన్ని ఆ మూలను మార్చలేదు. దైవానికి మొక్కినంత నిష్ఠగా ఏటా అక్కడే మోకరిల్లేది.

ఆ ఏడు మణికట్టుకు వెచ్చదనం ముందుగానే తగిలింది. అనుగ్రహమనుకుంది. పట్టాలు గోడెక్కాయి. ఊరు పచ్చబడింది.

తరువాత ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. ఆకాశం మీది మేఘపు పొరను ఎవరో ఒలిచేసినట్టు నీలం తేలింది. నారుమడికి నీళ్ళు పెట్టి, నడుము నొప్పికి గోడకు చేరగిలబడిన పిన్ని ఉలిక్కిపడి లేచింది. గోడ చల్లగా ఉంది. ఇన్నాళ్ళూ వీపుకు హాయిగా తగిలిన గోడ చచ్చిన పాములా చల్లబడి ఉంది.

అవతలి పక్క బేకరీ. దాని యజమాని గుమ్మంలో బల్ల వేసుకుని ఈగలు తోలుకుంటున్నాడు.

"ఏం అబ్బాయ్, ఇవాళ వాసనే లేదు. కొట్టు కట్టేశావా?"

"పొయ్యిలో ఇటుక పగిలింది పిన్నీ. నిన్న ఆర్పేశాను. మేస్త్రీ వస్తానన్నాడు, వాడి 'వస్తాను' తెలుసుగా! వచ్చేసరికి నాకు మనవలు పుడతారు."

"నీ పొయ్యి ఎక్కడ?"

"మీ గోడకే ఆనించి కట్టించానుగా, చలికాలం మొదట్లో. టకటకమని చప్పుడు వినలేదూ?"

విన్నది. అరలు కట్టుకుంటున్నాడనుకుంది. వేకువకు ముందే రొట్టెలు కాలతాయి. వేకువన ఆమె మణికట్టు మట్టిలో దిగుతుంది. తాను వసంతమనుకున్నది బేకరీ పొయ్యి. అత్తగారు చూపిన మూల అక్కడే ఉంది, దాని వెనక లోకమే మారిపోయింది.

గబగబా పెరటి నడుమకు పోయి, ఎన్నడూ చేయి పెట్టని చోట మట్టి తవ్వి చూసింది. ఎముక కొరికే చలి! గాలి లేదు, మబ్బు లేదు. రేపటి వేకువకు తెల్లమంచు తప్పదు. ఆమె మాట నమ్మి ఊరు ఊరంతా నారును ఆరుబయట పెట్టింది.

"సూర్యనారాయణా! ఎంత పని చేశాను తండ్రీ" అంటూ చతికిలబడింది.

కోడలు పరుగున వచ్చి సంగతి విన్నది. విని, గొంతు తగ్గించింది. "అత్తయ్యా, ఎవరితోనూ అనకండి. మంచు పడితే ఆకాశాన్ని తిట్టుకుంటారు. ఇప్పుడు మీరు నోరు విప్పారో, మిమ్మల్ని తిడతారు. వచ్చే ఏడు మన నారు ఎవరు కొంటారు?"

ఆ మాట తియ్యగానే ఉంది. అందుకే పిన్నికి మరింత భయమేసింది. ఊరుకోవడం ఎంత తేలికో ఆ క్షణాన తెలిసింది. గోడ మీది పట్టాలు తననే చూస్తున్నట్టనిపించాయి.

"నా అబద్ధం గోడెక్కి కూర్చుందే తల్లీ. దాన్ని నేనే దించాలి" అని చెప్పులైనా వేసుకోకుండా వీధిన పడింది.

పొద్దు వాలుతోంది. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, "పొరపాటు పడ్డానమ్మా. ఈ తెల్లారగట్ల మంచు పడుతుంది. బకెట్లు, గంపలు, దుప్పట్లు, ఏది ఉంటే అది కప్పండి" అని చెప్పడం మొదలుపెట్టింది. కొందరు కంగారుగా బిందెలు మోసుకెళ్ళారు. లెక్కల మాస్టారు మాత్రం కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"చెమట పడుతుంటే మంచేమిటమ్మా? నాటమన్నదీ నువ్వే, కప్పమన్నదీ నువ్వే. రేపు పీకమంటావు కాబోలు!"

అరుగు మీది వాళ్ళు ఘొల్లుమన్నారు. పిన్ని తల దించుకుని ముందుకు నడిచింది.

కాలువ పక్క పల్లంలో దర్జీ ఇల్లు చిట్టచివరిది. చలి నీళ్ళలా పల్లానికే పారుతుంది గనుక ఊరంతటికీ మొదటి దెబ్బ అక్కడే. అతను ఎన్నడూ మొక్క పెట్టిన వాడు కాదు. ఈ ఏడు భార్య పురిటికి వెళ్ళింది. ఆమె వచ్చేసరికి పెరట్లో కాయలు చూపించి ఆశ్చర్యపరచాలని, "అక్కా, మీరు ఊఁ అంటేనే నాటతాను" అని రోజూ వచ్చి గోడ చూసి పోయినవాడు.

తలుపుకు తాళం. భార్యనూ పసిబిడ్డనూ తీసుకురావడానికి వెళ్ళాడని, రేపు పొద్దునకు గానీ రాడని పక్కింటావిడ చెప్పింది. దడికి అవతల టమాటా మొక్కలు, ఒక్కొక్కదానికి ఒక్కో పుల్ల, పుల్లకు రంగురంగుల గుడ్డపీలికతో కట్టిన ముడి.

పిన్ని దడి పట్టుకుని లోపలికి చూసింది. ఊళ్ళోని బకెట్లన్నీ ఎవరి మొక్కల మీద వాళ్ళు బోర్లించుకున్నారు. మిగిలినవి తన గోడ మీది పట్టాలు. అవి తన మడిలో మిగిలిన నారుకే సరి. నెలల తరబడి పోసిన నీళ్ళు, కోడలి రెక్కల కష్టం అందులోనే ఉన్నాయి.

వెనుదిరిగి చూస్తే, మసక వెలుతురులో కోడలు వస్తోంది. నెత్తిన గోనెపట్టాల మూట.

"మీరెక్కడ తేలతారో నాకు తెలుసు. పట్టండి, చీకటి పడుతోంది" అని విసుక్కుంది. "మన నారు మాట నాతో అనకండి, ఏడుస్తాను."

ఇద్దరూ వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఆకు విరగకుండా కప్పారు.

తెల్లవారేసరికి ఊరు బూడిద చల్లినట్టు తెల్లగా ఉంది. పిన్ని నారుమడి మొత్తం నల్లగా వాలిపోయింది. దాని ముందు కూర్చుని, ఇక ఏ క్షణాన ఎవరు వచ్చి నిలదీస్తారోనని వీధి వైపు చెవి పెట్టింది. అడుగుల చప్పుడైంది. మొదట దర్జీ, పట్టాలు భుజాన వేసుకుని.

"అక్కా, నేను లేకుండా నా తోటకి బట్టలు కుట్టిందెవరు? నా పొట్ట కొట్టాలనా?" అని నవ్వబోయి, మడి చూసి ఆగిపోయాడు.

వెనకాల ఇంకొందరు. మాస్టారి చేతిలో వడలిన వంగమొక్క ఉంది. కప్పని వారిలో ఆయన ఒకరు.

"నాది పోయింది" అన్నారాయన. మొక్కను గోడ పక్కన పెట్టి, "మళ్ళీ ఎప్పుడు నాటమంటావు?"

ఆ ప్రశ్న ఆమెకు తిట్టుకంటే బరువనిపించింది. లేచి, గోడమూలను వదిలి పెరటి నడుమన మోకరిల్లింది. మణికట్టు దాకా చేయి దించి కళ్ళు మూసుకుంది. ఎవరూ దగ్గలేదు, కదలలేదు. ఆమె పెదవులు మాత్రం ఏదో నామం జపిస్తున్నట్టు ఆడాయి.

"ఇంకా కాదు" అంది చివరికి.

దర్జీ భుజాన ఉన్న పట్టాలు అందుకుని, చచ్చిపోయిన నారు మీదే ఒక్కొక్కటిగా పరచసాగింది. "అందులో ఇంకేముందని అత్తయ్యా?" అంది కోడలు.

"అందులో ఏమీ లేదమ్మా. గోడ మీద ఏమీ ఉండకూడదు" అంది పిన్ని.