ముహూర్తం చూపిన గడియారం

అగ్గువకు దొరికితే చేతిగడియారం కొనుడు నాకు అలవాటు. ఇప్పటికి మూడయినయి. మా నకిరేకల్ల పెండ్లంటే ముహూర్తం చూసుకునేతందుకు నా దగ్గర్నే అడిగి తీస్కపోతరు.

ఇయ్యాల మా వాడకట్టుల పెండ్లి. పిల్ల తరఫోళ్లు ఒకటి, పిలగాని తరఫోళ్లు ఒకటి తీస్కపోయిండ్రు. మూడోది నేను పెట్టుకొని పోయిన.

పుస్తె కట్టే యాళ్లకు లొల్లి మొదలైంది. పిల్ల మేనమామ తన చేతిల గడియారం చూసి ఇంకా టైము కాలేదన్నడు. పిలగాని బాపు తన చేతిలది చూపిచ్చి ముహూర్తం దాటిపోయిందన్నడు. రెండూ నావే కాబట్టి నేను మెల్లగ ఎనకకు జరిగిన.

పంతులు నా దిక్కు తిరిగిండు. "సారూ, జర మీ గడియారం ఏమంటాందో చూపియ్యిండ్రి."

చెయ్యి చాపిన.

"సరిగ్గ ముహూర్తమే," అని వెంటనే పుస్తె కట్టిచ్చిండు. రెండు తరఫులోళ్లు నాకు దండం పెట్టిండ్రు.

బువ్వ తిని ఇంటికొచ్చి చూస్తే, గడియారం ఇంకా ముహూర్తం కాడనే ఉంది. పొద్దున చావి తిప్పుడు మర్చిపోయిన, ఎప్పుడో ఆగిపోయింది.

ఎల్లుండి పెండ్లి ఉన్నోళ్లు అప్పుడే వచ్చి కూసున్నరు. గా గడియారమే కావాల్నట. చావి తిప్పి ఇయ్యాల్నా, గిట్లనే ఇయ్యాల్నా, మీరే చెప్పుండ్రి.